గుట్టెక్కే కాలికి బరువెందుకు?

ఉత్తర తెలంగాణలో గుట్టలెక్కడం కొత్త కాదు, గుట్టలెక్కడానికని విడిగా బూట్లు కొనడమే కొత్త. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నవాళ్లు తరతరాలుగా వట్టి కాళ్లతో మెట్లెక్కుతున్నారు. ఎండాకాలం వచ్చిందంటే ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు తెంపేవాళ్లు తెల్లవారకముందే హవాయి చెప్పులతో రాళ్ల తొవ్వ పడతారు. ఇప్పుడు వీళ్ల వెనక మరో గుంపు చేరింది. సెలవు దొరికితే రామగిరి ఖిల్లాకో, రాయికల్ జలపాతానికో, కుంతాలకో, కొండగట్టు చుట్టుపక్కల బండల మీదికో బయల్దేరే ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, రిటైరైన దంపతులు. తొవ్వ ఎట్లా ఉంటుందని అడగడానికి ముందే వీళ్లు అడిగేది కాళ్లకు ఏం వేసుకోవాలని. సెల్‌ఫోన్ చెప్పే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: చీలమండ దాటి పైకొచ్చే, నీళ్లు చొరని, ఐదారు వేల రూపాయల ట్రెకింగ్ బూటు. చూడ్డానికి గట్టిగా, ధీమాగా ఉంటుంది. మన గుట్టలకు మాత్రం అది నప్పదు. వెయ్యికీ రెండు వేలకూ మధ్య దొరికే, చీలమండ కిందే ఆగిపోయే, తేలికైన జాలీ బూటు, కింద మంచి రబ్బరు సోల్ ఉంటే, ఇక్కడి రాయికి అంతకంటే బాగా పనికొస్తుంది. డబ్బుల్లేక సర్దుకునే సరుకని దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. డబ్బున్నవాళ్లు కూడా ముందు చూడాల్సింది దాన్నే.

ముందు రాయి సంగతి చూద్దాం. కరీంనగర్ పేరును దేశం దాటించినవాటిలో వెండి నగిషీ ఒకటైతే గ్రానైట్ రెండోది. టాన్ బ్రౌన్, మాపుల్ రెడ్ అనే పేర్లతో ఇక్కడి రాయి చైనా దాకా ఓడలెక్కింది. ఈ ప్రాంతపు గుట్టలు చాలావరకు ఆ జాతివే. ఎండకూ వానకూ పొరలుగా విచ్చుకుని కొన్నిచోట్ల పరుపు బండలయ్యాయి, కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్లయ్యాయి. వాటి నుంచి రాలిన గింజలే కాళ్ల కింద మొరం. పొడిగా, శుభ్రంగా ఉన్న గ్రానైట్ నడిచేవాడికి మేలే చేస్తుంది. దాని గరుకు రబ్బరును పట్టుకుంటుంది. కీడు మూడు చోట్ల ఉంది: బండ మీద పలచగా పరుచుకున్న మొరం, వానాకాలం నీళ్లు జారే చోట పట్టే పాకురు, ఎండుటాకుల కింద కనపడకుండా ఊగే రాయి. ఆదిలాబాద్ పడమటి వైపు పోతే కథ కొంచెం మారుతుంది. అక్కడ దక్కన్ లావా నల్లరాయి, పైన రేగడి మన్ను. ఒక్క వాన పడితే చాలు, ఒక్కో కాలికి కిలో బురద వేలాడుతుంది. ఈ మొత్తం జాబితాలో మంచు లేదు, గడ్డ కట్టిన నీరు లేదు, ఇరవై కిలోల మూటతో వారం రోజుల ప్రయాణం లేదు. పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి దిగే గుట్టలివి.

ట్రెకింగ్ బూటు పుట్టింది వేరే అవసరానికి. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లోని పుంటా రాసికా శిఖరం మీద తుపానులో చిక్కి ఆరుగురు చనిపోయారు. వాళ్ల వెంట వెళ్లిన విటాలే బ్రమాని ఆ తర్వాత రాయి మీదా మంచు మీదా పనికొచ్చే రబ్బరు సోల్ కోసం కూర్చున్నాడు. 1937 నాటికి లోతైన పళ్లున్న సోల్ తయారైంది. దానికి పెట్టిన వైబ్రామ్ అనే పేరు ఆయన పేరులోంచే వచ్చింది. అంతకుముందు పర్వతారోహకులు వేసుకున్నవి ఇనుప మేకులు కొట్టిన తోలు బూట్లు. చలికి మందపాటి తోలు, మంచుకు ఎత్తైన అంచు, మూట బరువుకు గట్టి అడుగు అన్నీ కలిసి ఆ ఆకారం వచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆ మంచులో బరువు బూట్లు లేకుండా కుదరదు. కానీ అదే అమ్మాయి రాయి ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి బండ మీద, ఆ బండ ఎవరినీ మంచు బూట్లు అడగదు. సింగరేణి కార్మికుడికి ఇచ్చే ఇనుప ముక్కు బూట్లదీ ఇదే లెక్క. బొగ్గు పెళ్ల కాలి మీద పడే చోట వాటికి సాటి లేదు. గోదావరిఖని కుర్రాళ్లు ఇంట్లో ఉన్నాయి కదా అని వాటినే తగిలించుకుని రామగిరి ఎక్కితే, పిక్కలే ఆ రాత్రి తీర్పు చెబుతాయి.

పిక్కలు చెప్పేదానికి లెక్క కూడా ఉంది. వీపు మీది సంచి నడిచేవాడితో పాటు సాఫీగా, దాదాపు ఒకే ఎత్తులో సాగిపోతుంది. పాదం అలా కాదు. ప్రతి అడుగుకూ లేస్తుంది, ముందుకు ఊగుతుంది, ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. అందుకే దానికి తగిలించిన ప్రతి గ్రామునూ కండరం కొత్తగా కదిలించాలి, కొత్తగా ఆపాలి. అమెరికా సైన్యపు పరిశోధన కేంద్రంలో సూల్, గోల్డ్‌మన్ 1969లో మనుషుల తలల మీద, చేతుల్లో, పాదాలకు బరువులు పెట్టి నడిపించి శక్తి ఖర్చును కొలిచారు. పాదాల మీది కిలో, ఒంటి బరువులోని కిలో కంటే నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ ఖర్చు పెట్టించింది. నడక వేగం పెరిగినకొద్దీ ఆ రెట్లూ పెరిగాయి. తల మీది బరువు మాత్రం ఒంటి బరువు కంటే పెద్దగా ఎక్కువ అడగలేదు (కట్టెల మోపు నెత్తికెత్తుకునే మన ఆడవాళ్లకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పక్కర్లేదు). ఇప్పుడు దీన్ని గుట్టకు తెచ్చి చూడండి. చీలమండ దాటిన తోలు బూటుకూ తేలికపాటి జాలీ బూటుకూ ఒక్కో కాలికి 300 గ్రాముల తేడా సులువుగా ఉంటుంది. అడుగుకు 70 సెంటీమీటర్ల లెక్కన పది కిలోమీటర్ల నడకకు 14,000 అడుగులు పైనే. ప్రతి అడుగుకూ 300 గ్రాములు అదనంగా ఎత్తితే మొత్తం నాలుగు టన్నులు దాటుతుంది. ఆ మోత ఎక్కేటప్పుడు ఆయాసంగా తెలుస్తుంది. దిగేటప్పుడు అలసటగా మారి కాలును రెండంగుళాలు తక్కువ ఎత్తిస్తుంది, రాయి తగిలేది అప్పుడే. తేలిక అంటే సుఖం అని మాత్రమే చాలామంది అనుకుంటారు. దిగుడు తొవ్వలో అది భద్రత కూడా.

తేలిక బూటు దూరాలకు తట్టుకోదనేవాళ్లకు ఎమ్మా గేట్‌వుడ్ పేరు చెప్పాలి. అమెరికాలో మూడున్నర వేల కిలోమీటర్ల దాకా సాగే అపలాచియన్ కాలిబాటను ఆమె 1955లో, 67 ఏళ్ల వయసులో, ఒంటరిగా నడిచి ముగించింది. కాళ్లకు మామూలు కాన్వాస్ బూట్లు, భుజాన ఇంట్లో కుట్టుకున్న సంచి. దారిలో కొన్ని జతలు అరిగి చిరిగాయి. చిరిగినప్పుడల్లా ఇంకో చవక జత వేసుకుంది, అంతే.

అలాగని తేలికగా, చవకగా ఉన్న ప్రతి బూటూ రాయికి పనికిరాదు. తేడా అంతా అడుగున ఉంటుంది. దుకాణంలో బూటును తిరగేసి చూసేవాళ్లు తక్కువ. రంగు చూస్తారు, పేరు చూస్తారు, వేసుకుని అద్దం ముందు నిలబడతారు. తిరగేస్తే మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, కింద పైన అంతా ఒకే నురుగు ముద్ద, అంటే హవాయి చెప్పుకు చుట్టం. పరుగుకు, బజారుకు బాగుంటుంది, మొరం మీద నెలల్లో నున్నబడుతుంది, తుమ్మ ముల్లు దాన్ని నేరుగా దాటుకుని అరికాలిని అందుకుంటుంది. రెండోది, మెరిసే గట్టి ప్లాస్టిక్ అడుగు. ఇది అరగదు, అందుకే అమ్మేవాడు దాన్ని మెచ్చుకుంటాడు. అరగకపోవడానికి కారణం గట్టిదనం, తడి బండ మీద జారడానికి కారణమూ అదే. మూడోది, మెత్తటి నురుగు మీద పలచగా అతికించిన అసలు రబ్బరు పొర. మనకు కావాల్సింది ఇదే. బొటనవేలి గోరుతో ఆ పొరను నొక్కితే గోరు కొంచెం దిగి, తీయగానే గుంట మెల్లగా పూడుకోవాలి. గోరు జారిపోతే గట్టి సరుకు, గుంట అట్లాగే ఉండిపోతే నురుగు. వేలు తడిచేసి సోల్ మీద రుద్దితే కిర్రుమని పట్టాలి. తర్వాత బూటును రెండు చేతులా పట్టుకుని వంచాలి. వేళ్ల మొదట్లో, మన పాదం వంగే చోటే అదీ వంగాలి. నడుమ విరిగినట్టు మడత పడితే వదిలేయాలి. మడమను ఒక చేత్తో, ముక్కును మరో చేత్తో పట్టి బట్ట పిండినట్టు తిప్పితే కొంత ఎదురు తిరగాలి. ఆ ఎదురే సూది మొనల రాళ్ల మీద అరికాలిని కాపాడేది.

సోల్ పళ్ల విషయంలో జనంలో ఒక పొరపాటు పాతుకుపోయింది: ఎంత లోతుంటే అంత పట్టు అని. రేగడి బురదలో అది నిజం, పళ్లు మన్నులోకి దిగి పట్టుకుంటాయి. పరుపు బండలోకి ఏ పన్నూ దిగదు. అక్కడ పట్టు, రబ్బరుకూ రాయికీ మధ్య ఎంత మేర తాకుడు ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. పొడవాటి, ఎడంగా ఉన్న పళ్ల బూటుతో వాలు బండ మీద నిలబడితే పళ్ల కొనలు మాత్రమే ఆనుతాయి, బరువు పడగానే అవి పక్కకు వంగుతాయి, సందుల్లో ఇరుక్కున్న మొరం గింజలు రబ్బరును రాయికి ఆననివ్వవు. మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు, దగ్గర దగ్గరగా వెడల్పాటి దిమ్మెలు, ముక్కు దగ్గర కాస్త చదునైన జాగా, కొండగట్టు రకం రాయికి ఇంతకు మించి అక్కర్లేదు. ఇక పాకురు. దాని మీద ఏ ధర బూటూ నిలవదు. కుంతాల దగ్గర జారిపడి ప్రాణాలు పోయిన వార్తలు మన పత్రికలు ఎన్నోసార్లు వేశాయి. పాకురు పట్టిన బండ మీద కాలు పెట్టకపోవడం ఒక్కటే ఉపాయం. ఐదు వేలు పెట్టి కొన్నవాడు పెట్టొచ్చనుకుంటాడే, ఖరీదైన బూటుతో వచ్చే అసలు ముప్పు అది.

చీలమండ సంగతేమిటని అడుగుతారు. ఎత్తు బూటు లేకపోతే కాలు మెలిపడదా? వినడానికి న్యాయంగా ఉంది, కానీ పరీక్షకు నిలబడలేదు. 1993లో అమెరికాలో 622 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు చీటీ తీసినట్టు ఎత్తు బూట్లు, పొట్టి బూట్లు పంచి ఆడించి చూశారు. బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆట స్థలం గుట్ట కాదని అనొచ్చు, ఒప్పుకోవాలి. కానీ ఎగిరి దూకి పక్కకు తిరిగే ఆటలోనే గుడ్డ, తోలు కలిసి చీలమండను ఆపలేకపోతే, నడకలో మరింత ఆపుతాయని నమ్మడానికి ఆధారం కావాలి. పాదం మెలిపడటంలో బూటు ఎత్తు కంటే సోల్ మందం పాత్ర పెద్దది. మడమ నేలకు ఎంత ఎత్తులో ఉంటే, అంచు రాయి మీద పడినప్పుడు అంత గట్టిగా పక్కకు ఒరుగుతుంది. ఈ మధ్య ఫ్యాషన్‌గా వస్తున్న మందపాటి దిండు సోళ్లను రాళ్ల తొవ్వకు వద్దనడానికి కారణం ఇదే. ఇదివరకు చీలమండ బెణికినవాళ్లకు మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ. వాళ్లకు బూటు కంటే పట్టీ, దానికంటే కూడా ఒంటి కాలి మీద నిలబడే రోజువారీ సాధన ఎక్కువ మేలు చేస్తాయి.

పాముల ప్రశ్న ఇంతకంటే బరువైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు 12 లక్షల మంది బలయ్యారు, ఏటా సగటున 58,000. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల వరుసలో తెలంగాణతో కూడిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. కాటు ఎక్కువగా కాలి మీదే పడుతుంది, సగం దాకా మరణాలు వానాకాలంలోవే. కాబట్టి వేళ్లు బయటికి కనిపించే చెప్పులు, సాండల్స్ గడ్డి ఉన్న తొవ్వకు వద్దు, మూసిన బూటే కావాలి. కానీ మూసిన బూటు అన్న మాటకు ఎత్తు బూటు అని అర్థం తీయనక్కర్లేదు. చీలమండ మీద రెండంగుళాలు పెరిగిన గుడ్డ కాపాడేది ఆ రెండంగుళాలనే. పిక్క దాకా రక్షణ కావాలంటే పొలాల్లో వేసే గమ్‌బూట్లే గతి, వాటితో గుట్టెక్కలేం. వెలుతురు ఉండగానే దిగడం, చీకటి పడితే టార్చి వెయ్యడం, బండ సందుల్లో చూడకుండా చేయి, కాలు పెట్టకపోవడం, మందపాటి పొడుగు ప్యాంటు, కర్రతో ముందు నేలను తట్టడం, పాము విషయంలో పనిచేసేవి ఇవి.

నీళ్లు చొరని బూటు వానాకాలానికి మంచిదే కదా అనే మాట కూడా వింటాం. రాయికల్ జలపాతం దారిలో వాగు దాటేటప్పుడు నీళ్లు పైనుంచి, పాదం చొచ్చిన దారినే లోపలికి వస్తాయి. బయటి నీటిని లోపలికి రానివ్వని పొర, లోపలికి వచ్చిన నీటిని బయటికీ పోనివ్వదు. జాలీ బూటు పది అడుగుల్లో సగం నీళ్లు చిమ్మేస్తుంది. ఎండాకాలంలో అదే పొర చెమటను పట్టి ఉంచి బొబ్బలు తెస్తుంది. మనకు చలి కంటే ఉక్కే ఎక్కువ బాధ.

కొండగట్టులో నిలబడి చెప్పుల గురించి మాట్లాడేవాడికి మరో ఎదురు ప్రశ్న తప్పదు. చైత్ర పున్నమి చిన్న జయంతికీ, వైశాఖ బహుళ దశమి పెద్ద జయంతికీ కాషాయం కట్టిన దీక్షాపరులు వేల మంది ఊళ్ల నుంచి వట్టి కాళ్లతోనే నడిచి వస్తారు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా గోదావరి జలం కోసం కాలికి చెప్పు లేకుండా వెళ్లి వస్తారు. వాళ్లకు లేని బూటు మనకెందుకు? మొక్కుతో ఎవరికీ పేచీ లేదు, అది కాలి సుఖం కోసం పెట్టుకున్న నియమం కాదు. కానీ ఈ నడకలు నా వాదనకే బలం ఇస్తాయి. బరువైన కవచం లేకుండా మనిషి పాదం రాయిని చదవగలదని అవి చూపిస్తున్నాయి. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన, చెప్పుల్లేకుండా నడిచి అరికాలు మందపడినవాళ్లకు నేల స్పర్శ ఏమీ తగ్గలేదని తేల్చింది. అంతకుముందు 1992లో ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ అనే మన దేశపు వైద్యులు 2,300 మంది పిల్లల పాదాలు పరీక్షించి, బూట్లు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు ఎక్కువగా ఉన్నాయని చూపారు. నేలను తెలియనిచ్చే పలచటి సోల్ వైపు మొగ్గడానికి ఇవి ఆధారాలు. వట్టి కాళ్లతో పొమ్మనడానికి కావు. ఏడాదంతా ఆఫీసు బూట్లలో మెత్తబడిన పాదం మే నెల మధ్యాహ్నపు బండకు ఒక్కరోజులో అలవాటు పడదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకైతే పలచటి సోల్ కూడా వద్దు. కాలిన సంగతి, గుచ్చుకున్న సంగతి వాళ్లకు ఇంటికొచ్చాక గానీ తెలియదు. వాళ్లు డాక్టరును అడిగే కొనాలి.

కొలత విషయం క్లుప్తంగా. మన దుకాణాల్లోని నంబర్లు ఇంగ్లండ్ పాదాలకు పుట్టినవి. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి దాకా 79 చోట్ల లక్షకు పైగా మంది పాదాలు కొలిచి, మనవి వెడల్పైనవని తేల్చి, ‘భ’ అనే పేరుతో కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. అది దుకాణాల్లో నిలదొక్కుకునే దాకా సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, నడకకు వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడాలి. బొటనవేలి ముందు అరంగుళం జాగా ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోరు నల్లబడుతుంది.

మిగిలింది మన్నిక. బరువు బూటు పదేళ్లొస్తుంది, చవకది రెండేళ్లే కదా అంటారు. నెలకోసారి గుట్టకు పోయేవాడి బరువు బూటు పదేళ్లలో ఎక్కువ కాలం అటక మీదే ఉంటుంది. చాలా బూట్ల నడి పొరకు వాడే పాలీయురేథేన్ గాలిలోని తేమకు వాడకుండా ఉన్నా లోలోపల విరిగిపోతుంది. ఐదారేళ్లకు బయటికి తీసి నాలుగడుగులు వేస్తే సోల్ పెచ్చులుగా ఊడి చేతికొస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జత 2,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంటే పన్ను కూడా తేలిక జత వైపే ఉంది. తోలు మన్నిక గొప్పదే. తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందల్లో ఊనిన తోలుతో మన మాదిగలు కుట్టిన కిర్రు చెప్పులు దున్నేవాడి కాలికి ఏళ్ల తరబడి నిలిచాయి. ఆ పనితనంలో ఇంకా మిగిలిందాన్ని ఈ చవక బూటుకూ వాడుకోవచ్చు. ఈ జతల బలహీనత ఒక్కటే, రబ్బరును పైభాగానికి జిగురుతో అతికిస్తారు, ఎండకు ఆ జిగురు ముక్కు దగ్గర ముందుగా విడుతుంది. అందుకే కొన్న రోజే ఇంటికి తీసుకెళ్లకుండా బస్టాండ్ ముందు గొడుగు కింద కూర్చున్న చెప్పులు కుట్టే ఆయనకు ఇచ్చి చుట్టూ పక్క కుట్టు వేయించాలి. ఆయన ఆరెతో రబ్బరు అంచును పొడిచి, మైనం పూసిన దారాన్ని రెండు వైపుల నుంచీ లాగి బిగిస్తాడు. వందా రెండు వందల పని. ఆ కుట్టు చిల్లుల్లోంచి నీళ్లు లోపలికి రావా అంటే, జాలీ బూటులోకి అవి ఎలాగూ వస్తాయి.